మోటారు లైసెన్సులును మన రైతులును

నిరుడు జ్యేష్ఠమాసమున మన సంఘ సభ్యుడొకరు ట్రాక్టరు లైసెన్సు కొరకు దరఖాస్తు పెట్టుకొనిరి. ఇంటర్నెట్టు మీద దరఖాస్తు నింపుట తమకు చేతగానందున పట్టణమునందలి యొక కంప్యూటరు కొట్టునకు పోయిరి. కొట్టువాడు సర్కారు రుసుము గాక తన కూలి క్రింద మరి ఐదువందల రూపాయలు పుచ్చుకొని పని ముగించెను. అయితే దరఖాస్తులో రైతు ఫోను నంబరునకు మారుగా తన నంబరే వేసికొనెను. శిక్షణ లైసెన్సు వచ్చినది. తరువాత తోలకపు పరీక్షకు దినమును నిర్ణయమయ్యెను. కాలువకు నీరు వదలిన వారముననే ఆ దినము పడినది. దినము మార్చుకొందమన్న, ఓటీపీ యను రహస్యసంఖ్య కొట్టువాని ఫోనునకు పోవునే గాని రైతు ఫోనునకు రాదు. ఆ వాడు పెండ్లికని ఊరు విడిచి పోయియుండెను. కూలీలను పిలిచి, నారు పెరికించి, ఎవరు నాట్లు మానుకొని ఆఫీసునకు పోగలరు? పరీక్ష తప్పినది. పిదప కలుపు, ఎరువు, కోత వెంటవెంట వచ్చి ఆరు మాసముల గడువు తీరిపోయినది. ఆయన మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చినది.

ఇది విని, పాత పద్ధతియే మేలని కొందరనిరి. మేమట్లు తలంపము. పూర్వము ఆఫీసు గేటువద్ద వేపచెట్టు క్రింద కూర్చుండు దళారి లేనిదే కాగితము కదిలెడిది కాదు. రైతు రెండు మూడు దినములు తిరిగి బస్సు ఛార్జీలును, కూలి నష్టమును భరించి, తుదకు వానికే దక్షిణ చెల్లించెడివాడు. ఇప్పుడు లైసెన్సుల పనికి 'సారథి' యనియు, బండ్ల రిజిస్ట్రేషను పనికి 'వాహన్' అనియు కేంద్ర ప్రభుత్వపు ఏర్పాట్లు కలవు. ఆధారుతో గుర్తింపు నిరూపించినచో శిక్షణ లైసెన్సు, పరీక్ష అక్కరలేని పునరుద్ధరణ, చిరునామా మార్పు మున్నగు 18 సేవలకు ఆఫీసు గడప త్రొక్కనక్కరలేదని 2021 మార్చిలో కేంద్ర రవాణాశాఖ ప్రకటించినది. ఇది రైతునకు నిజమైన ఉపకారము. మా ఫిర్యాదు యంత్రము మీద కాదు. చెట్టు క్రింది దళారి లేచిపోయి అద్దాల తలుపుల కొట్టులో కూర్చుండినాడు. మనము వానివెంట అక్కడికిని పోవుచున్నాము.

కావున మొదటి మాట యేమనగా, దరఖాస్తు ఎవరిచేత నింపించినను ఫోను నంబరు మీదిగానో మీ యింటివారిదిగానో యుండవలెను. దరఖాస్తు సంఖ్యను పుస్తకములో వ్రాసికొనవలెను. రుసుము రసీదు అడిగి తీసికొనవలెను. 2016లో కేంద్ర నిబంధనలు శిక్షణ లైసెన్సునకు ఒక్కొక్క తరగతికి 150 రూపాయలు, తోలకపు పరీక్షకు 300 రూపాయలు, లైసెన్సు జారీకి 200 రూపాయలు అని నిర్ణయించినవి. రాష్ట్రపు సేవారుసుములు దీనిపై కొంత చేరును. ఈ లెక్క తెలిసిన రైతును మోసగించుట కొంచెము కష్టము.

రెండవది కాలనిర్ణయము. దీనిని గూర్చి మన రైతులు ఆలోచించుట లేదు. శిక్షణ లైసెన్సు ఆరు మాసములు చెల్లును. అది పొందిన 30 దినములు గడచిన పిమ్మటనే తోలకపు పరీక్షకు పోవచ్చును. తొలకరి వానకు ట్రాక్టరు బయటికి తీయుచు జూనులో దానిని పొందినవానికి పరీక్షకాలము జూలై మొదలు నవంబరు వరకు పడును. డెల్టా వరిసాగులో అవి ఊపిరాడని నెలలే కదా! అదే ఫాల్గుణమున, మినుము పెసర ఇల్లు చేరిన తరువాత పొందినచో చైత్ర వైశాఖములలో పొలము ఖాళీగా నుండగా పరీక్ష ముగించుకొనవచ్చును. ఒకసారి తప్పినను ఏడు దినముల తరువాత మరల పోవుటకు వ్యవధి యుండును. విత్తనమునకు అదను చూచు రైతు లైసెన్సునకు చూడడేమి?

పొలములో తిరుగు బండికి లైసెన్సు ఎందుకని అడుగువారు మన గ్రామములలో ఇంకను గలరు. బండి పొలములోనే యుండదు. ధాన్యపు బస్తాలతో రోడ్డెక్కును. చట్ట నిర్వచనమున ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టరు తేలికపాటి మోటారు వాహనము. ఆ తరగతి లైసెన్సు గలవారు మొత్తము బరువు 7,500 కిలోలలోపు సరుకుల బండ్లను గూడ వేరు అనుమతి లేకయే నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. కావున కూరగాయల బండి నడుపుకొను రైతునకును ఒక్క లైసెన్సుతోనే పని జరుగును. లైసెన్సు లేక నడిపినచో 2019 సవరణ ప్రకారము జరిమానా 5,000 రూపాయలు. కాని జరిమానా చిన్న సంగతి. ప్రమాదములో ఒకరు మరణించినప్పుడు, బండి నడిపినవానికి తగిన లైసెన్సు లేదని తేలినచో, బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమానినుండి రాబట్టుకొనుటకు వీలున్నదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చినది. అట్టి సొమ్ము లక్షలలో నుండును. దానికి రైతు అమ్మునది ట్రాక్టరు కాదు, భూమి.

ట్రైలరు సరుకులకే గాని మనుష్యులకు కాదు. నాట్లకు స్త్రీలను దానిలో కుక్కి తీసికొనిపోవుట మనకందరకు అలవాటైపోయినది. కాలువగట్టుమీద అది బోర్లపడిన దినమున లైసెన్సుండియు లాభము స్వల్పము.

మరియొక మాట చెప్పక తప్పదు. పదునైదేండ్ల కుమారుడు ట్రాక్టరు తోలుచుండగా తండ్రులు మీసము దువ్వుచున్నారు. పదునెనిమిదేండ్లు నిండనిదే ట్రాక్టరు నడుపరాదు. మైనరు నేరము చేసినచో తండ్రికి గాని, బండి యజమానికి గాని మూడేండ్ల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 మాసములు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లేదు. ఇవి 2019 నుండి చట్టములో నున్నవి.

ఇటీవల జరిమానా పడినదని వాట్సాపులో వర్తమానము పంపి, దానితో నొక యాపును దింపుకొనుమను దొంగలు బయలుదేరినారు. దానిని ముట్టినచో బ్యాంకులో సొమ్ము మాయమగును. సర్కారువారి నిజమైన చిరునామా 'పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగియును. ఆ తోక లేనిదానిని నమ్మవలదు.

ఇక అధికారులకు మా విన్నపము. నాట్ల కాలమున దినము మార్చుకొను రైతునకు మరల రుసుము లేకుండ అవకాశమీయవలెను. వేసవిలో మండల కేంద్రములలో పరీక్షా శిబిరములు జరుపవలెను. పూర్వపు కాగితపు పుస్తకముల లైసెన్సులు కలవారు కంప్యూటరులో తమ పేరు కనబడక తిరుగుచున్నారు. వారి పాత వివరముల నెక్కించు పని శిబిరముననే జరుగవలెను. వృద్ధులలో వ్రేలిముద్ర పడనివారును గలరు. పొలముపని చేసిన చేతులకు గీతలు అరిగిపోవుట నేరము కాదు.

మన సంఘము మాత్రము అంతవరకు వేచియుండనక్కరలేదు. సంఘపు గుమాస్తా ఎరువుల బిల్లులు వ్రాయు కంప్యూటరు మధ్యాహ్నము మూడు గంటల తరువాత ఊరకయే యున్నది. సంతదినమున రెండు గంటలసేపు ఇంటరు చదివిన పిల్లయొకర్తెను కూర్చుండబెట్టి, దరఖాస్తునకు ఇరువది రూపాయలు సంఘమునకు జమకట్టి, సభ్యుని ఫోనుతోనే, సభ్యుని యెదుటనే నింపించినచో చాలును. వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ విషయమును మేము ప్రతిపాదింపనున్నాము. ఫాల్గుణమునకు ముందే తీర్మానమగునట్లు సభ్యులు హాజరు కావలెనని కోరుచున్నాము.