వండింది చెప్పాను, తిన్నది చెప్పలేదు

మొన్నామధ్య ఒంట్లో నీరసంగా ఉంటోందని డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 9 ఉంది. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలట. "ఏం తింటున్నారమ్మా?" అనడిగారు. "మా ఇంట్లో కూరగాయలకి లోటేమిటండీ? వారానికి రెండుసార్లు దప్పళం పెడతాను" అన్నాను ధీమాగా.

అబద్ధం కాదు. గుమ్మడికాయ, ఆనపకాయ, ములక్కాడ, వంకాయ, బెండకాయ, చిలగడదుంప, ఉల్లిపాయలు పెద్ద ముక్కలుగా తరుగుతాను. రాత్రి నానబోసిన శనగలు గుప్పెడు ఉడికించి అందులో కలుపుతాను. చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, చిన్న బెల్లంముక్క వేసి మరగనిచ్చి, దించేముందు చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తాను. ఆపైన మెంతులు, ఇంగువ పోపు పడిందంటే పక్కింటిదాకా ఘుమఘుమలే. ముద్దపప్పు, నెయ్యి ఉంటే ఇంకో కూర అక్కర్లేదు.

ఆ రాత్రి అందరి భోజనాలూ అయ్యాక కంచం ముందు కూర్చుని గిన్నె వంచితే పులుసే వచ్చింది. ములక్కాడలు మావారికిష్టం. చిలగడదుంపలు పిల్లలవి. మెత్తని ఆనపకాయ ముక్కలు అత్తయ్యగారివి. నాకు మిగిలినవి రెండు ఉల్లిపొరలూ, ఓ కరివేపాకు రెబ్బా! డాక్టరమ్మకి నేను వండింది చెప్పాను గానీ, తిన్నది చెప్పలేదని అప్పుడర్థమైంది.

నన్నెవరూ తినొద్దనలేదు. కొసరి కొసరి వడ్డించింది నేనే. మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే. దాన్ని త్యాగమని నలుగురూ మెచ్చుకుంటే మనమూ మురిసిపోతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కారణాలు చాలానే ఉంటాయి. కొనలేక తినలేని వాళ్ళ సంగతి వేరు. కొని, తరిగి, వండి కూడా తినని మన సంగతేమిటి?

డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. భోజనం కాగానే టీ తాగితే ఇనుము సరిగ్గా ఒంటబట్టదన్నారు కాబట్టి ఆ అలవాటూ మానేశాను. వీటికి తోడు ఇంకో చిన్న మార్పు చేశాను. దప్పళం గిన్నె మధ్యలో పెట్టి, నేనూ అందరితోపాటే కూర్చుంటున్నాను.

"మరి వడ్డన ఎవరు చేస్తారూ?" అన్నారు అత్తయ్యగారు మొదటిరోజు. "ఎవరిది వారేనండీ" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. మావారు రెండోసారి గరిట ముంచబోయి, నా కంచం వైపు చూసి ఆగారు. పోయిన ఆదివారం అత్తయ్యగారే అడిగారు, "ఏమ్మాయ్, నీకు ముక్కలొచ్చాయా?" అని.

ఈసారి డాక్టరమ్మ అడిగితే నిజమే చెబుతాను. మీరు కూడా ఈ రాత్రి గిన్నె వంచేముందు ఓసారి చూసుకోండి, మీ వంతుకి ముక్కలున్నాయో, ఉత్త పులుసేనో!