జైలు గుర్తుంది, పుస్తకం గుర్తులేదు

జూన్ 25వ తేదీని ఏటా రాజ్యాంగ హత్యా దినంగా పాటించాలని 2024 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించినప్పటి నుంచి, ఆ రోజున 1975లో విధించిన అత్యవసర పరిస్థితిని అర్థం చేసుకోవాలనుకునేవారి కంటె దాన్ని వాడుకోవాలనుకునేవారి సందడే ఎక్కువైంది. 2025లో దానికి యాభై ఏళ్లు నిండడంతో ఆ సందడి మరీ పెరిగింది. ఇటువంటి స్మరణల్లో స్నేహలతారెడ్డి వంటివారికి దక్కేది ఒక ఫొటో, ఒక దండ, జైల్లో ఆమె ఉబ్బసంతో పడిన యాతన మీద రెండు వాక్యాలు మాత్రమే. ఆమె భర్త తిక్కవరపు పట్టాభిరామిరెడ్డికి తెలుగు సాహిత్య చరిత్రలు చేసిన అన్యాయం ఇంకో తరహాది. పఠాభి అనగానే అవి 1939 నాటి ‘ఫిడేలు రాగాల డజన్’ దగ్గర ఆగి, ఛందస్సును వెక్కిరించిన చిలిపి కవి అని ఒక పేరా రాసి, ముందుకు సాగిపోతాయి. ఒకరిని బాధితురాలిగాను, ఇంకొకరిని కొంటె కవిగాను దాచుకున్న ఈ జ్ఞాపకంలో, వారిద్దరూ ఒక రాజకీయ తత్త్వాన్ని శ్రద్ధగా చదివి దాని వెంట నడిచినవారన్న అసలు సంగతి జారిపోయింది.

ఈ మరపుకు మద్రాసు సినిమా పేట కోడంబాక్కం మీద తెలుగువారికున్న చులకన భావం కొంత కారణం. స్టూడియోలు, పాటలు, పారితోషికాల ఎగవేతలు తప్ప అక్కడ ఇంకేమీ లేదని, ఆలోచన అనేది బెజవాడలోనో హైదరాబాదులోనో జరిగిందని ఒక నమ్మకం స్థిరపడింది. కాని ఎమ్.ఎన్. రాయ్ రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శిగా పనిచేసి, ‘తత్త్వవేత్తలు’ రాసిన గోపీచంద్, మద్రాసులో సినిమాలకు రాసి, సినిమాలు తీసి బతికినవాడే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పక్కనున్న వడపళనిలో ‘చందమామ’ పనిచూస్తూ, పిల్లల కోసం రాకుమారుల కథలు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు, అదే చేత్తో మార్క్సిస్టు దృష్టితో తాత్త్విక వ్యాసాలు రాశాడు. 1939లో జమీందారీ వ్యవస్థను ఎండగట్టిన ‘రైతుబిడ్డ’ను, స్వయంగా జమీందారైన చల్లపల్లి రాజా డబ్బుతో గూడవల్లి రామబ్రహ్మం తీయడం, ఆ సినిమా మీద తక్కిన జమీందారులు మండిపడడం ఈ లోకంలోనే జరిగాయి. ఆ లోకానికి పుస్తకాలతో పనిలేదనడం చరిత్ర తెలియని మాట.

పఠాభి కూడా ఈ లోకంవాడే. నెల్లూరులో పుట్టి, శాంతినికేతనంలోను, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలోను చదివి, కె.వి. రెడ్డితో కలిసి 1958లో ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ నిర్మించినవాడు. స్నేహలత మద్రాసు ప్లేయర్స్ అనే నాటక సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరు. ఈ దంపతులు ఆకర్షితులైనది సోషలిస్టు నాయకుడు రామమనోహర్ లోహియా ఆలోచనలకు. ఇక్కడే తెలుగువారు సిగ్గుపడవలసిన విషయం ఒకటుంది. లోహియా ప్రధాన గ్రంథాలు, 1955 నాటి ‘వీల్ ఆఫ్ హిస్టరీ’, 1963 నాటి ‘మార్క్స్, గాంధీ అండ్ సోషలిజం’, అచ్చయింది హైదరాబాదులో, బద్రివిశాల్ పిత్తీ నడిపిన నవహింద్ సంస్థలో. ఆయన ‘మ్యాన్‌కైండ్’ పత్రిక 1956లో మొదలైందీ ఆ ఊళ్లోనే. వాటిని చదివి సాహిత్యంగా మార్చుకున్నది మాత్రం కన్నడిగులు. 1951లో కాగోడు రైతుల సత్యాగ్రహానికి లోహియా వెళ్లి అరెస్టయిన శివమొగ్గ ప్రాంతం నుంచే సోషలిస్టు నాయకుడు శాంతవేరి గోపాలగౌడ వచ్చాడు, నవలాకారుడు అనంతమూర్తి వచ్చాడు, రచయిత లంకేశ్ వచ్చాడు. కాంగ్రెసు, కమ్యూనిస్టు, రాయిస్టు అనే మూడు గూళ్లలో సర్దుకున్న తెలుగు మేధావులకు తమ ఊళ్లో అచ్చవుతున్న నాలుగో ఆలోచన కనపడలేదు. అది కనపడిన నెల్లూరు కవి కన్నడ నవలను వెతుక్కుంటూ వెళ్లవలసి వచ్చింది.

లోహియాలో వారికి దొరికిందేమిటో తెలుసుకోవాలంటే ఆయన వాదాలు మూడింటిని చూడాలి. మొదటిది కులం, వర్గం అనే రెండూ వేర్వేరు పదార్థాలు కావన్నది. సమాజంలో పైకీ కిందికీ కదలిక ఉన్నంతకాలం వర్గాలుంటాయని, ఆ కదలిక ఆగి గడ్డకట్టినప్పుడు అవే కులాలవుతాయని, సమాజాలు ఈ రెండు స్థితుల మధ్య ఊగుతుంటాయని ఆయన అన్నాడు. రెండోది నాలుగు స్తంభాల రాజ్యం, అంటే అధికారం గ్రామం, జిల్లా, రాష్ట్రం, కేంద్రం అనే నాలుగింటి మీద నిలవాలే గాని ఒక్కదాని మీద కాదన్న సిద్ధాంతం. మూడోది, అన్నింటికంటె పదునైనది, తక్షణతా సూత్రం: ఏ పనికైనా సమర్థన ఆ పనిలోనే, ఆ క్షణంలోనే ఉండాలని, రేపు రాబోయే మేలును చూపి ఈనాటి అన్యాయాన్ని ఒప్పించరాదని దాని భావం.

అనంతమూర్తి ‘సంస్కార’ను పఠాభి సినిమాగా తీయడం ఈ చదువుకు కొనసాగింపే. అగ్రహారంలో నారణప్ప శవం పడి ఉంటుంది; ఆచారం మంటగలిపిన ఆ బ్రాహ్మణుడికి దహనం ఎవరు చేయాలో తేలేదాకా ఎవరూ అన్నం ముట్టరాదు; ప్రాణేశాచార్యుడు తాళపత్రాలన్నీ తిరగేస్తాడు గాని జవాబు దొరకదు. చివరికి నారణప్పతో కాపురం చేసిన చంద్రి, ఒక ముస్లిం బండివాడి సాయంతో రాత్రివేళ ఆ శవాన్ని కాల్చి వెళ్లిపోతుంది. ఆపదలో పుస్తకం తెరిచి అందులో విధి కోసం వెతికేవాడికి ఏమవుతుందో ఇంత నిర్దయగా చూపిన కథ అరుదు. రాజకీయ తత్త్వాన్ని మందులచీటీలా చదివేవారందరూ ప్రాణేశాచార్యుడి సంతతే. చంద్రి వేషం వేసింది స్నేహలత. కులాల మధ్య చిచ్చు రేగుతుందన్న భయంతో మద్రాసు సెన్సారు బోర్డు ఆ సినిమాను మొదట నిషేధించింది; తరువాత 1970 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా అదే జాతీయ బహుమతి పొందింది.

అత్యవసర పరిస్థితి వచ్చేనాటికి లోహియా మరణించి దాదాపు ఎనిమిదేళ్లు. 1975 జూలై 1న ఇరవై సూత్రాల కార్యక్రమం ప్రకటించి, రైళ్లు వేళకు నడుస్తున్నాయని ప్రభుత్వం చెప్పుకున్నప్పుడు చదువుకున్నవాళ్లే చాలామంది మెత్తబడ్డారు. తక్షణతా సూత్రం తెలిసినవాడు మెత్తబడే అవకాశం లేదు. 1976 జనవరి 31న మద్రాసులో కరుణానిధి ప్రభుత్వాన్ని ఒక్క ఉత్తర్వుతో రద్దు చేసినప్పుడు కూలుతున్నది ఒక పార్టీ గద్దె కాదని, ఒక స్తంభమని నాలుగు స్తంభాల వాదం చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు జబల్‌పూర్ కేసులో, అక్రమంగా నిర్బంధించారని మొరపెట్టుకునే హక్కు కూడా అత్యవసర కాలంలో పౌరుడికి లేదని నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తేల్చింది, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. సరిగ్గా నాలుగు రోజులకు, మే 2న, సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ స్నేహితురాలైన స్నేహలతను, ఆయన మీద పెట్టిన పేలుళ్ల కుట్ర కేసు, అంటే బరోడా డైనమైట్ కేసు పేరుతో పట్టుకున్నారు. ఆ కేసు అభియోగపత్రంలో చివరికి ఆమె పేరే లేదు. ఆమెను బెంగుళూరు సెంట్రల్ జైల్లో ఉంచింది విచారణ అక్కర్లేని మీసా చట్టం కింద. రాత్రిపూట ఆమె ఆర్తనాదాలు తన గదికి వినపడేవని అదే జైల్లో ఉన్న మధు దండవతే తరువాత రాశాడు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20న ఆమె మరణించింది.

లోహియా కాంగ్రెసు వ్యతిరేకతే జనసంఘ్‌కు గౌరవం తెచ్చిపెట్టిందని, డైనమైట్ దారి తక్షణతా సూత్రానికే విరుద్ధమని అనేవారున్నారు. ఆ రెండో మాటలో నిజముంది.

అయితే ఈనాటి స్మరణోత్సవం దాచిపెడుతున్నది వేరొకటి. 17వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ లాక్ ప్రత్యేకాధికారం గురించి రాస్తూ, ప్రజల మేలు కోసం చట్టం లేకుండానో, చట్టానికి విరుద్ధంగానో పాలకుడు వ్యవహరించే శక్తి అది అని నిర్వచించి, దాని దుర్వినియోగాన్ని తేల్చే తీర్పరి భూమ్మీద లేడని ఒప్పుకున్నాడు. 1922లో జర్మనీలో కార్ల్ ష్మిట్ ఆ చిక్కును తలకిందులు చేసి, మినహాయింపును ప్రకటించగలవాడే అసలైన సార్వభౌముడన్నాడు. పదకొండేళ్లకు నాజీ పార్టీలో చేరాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివినవాడికి అత్యవసర పరిస్థితి ఒక స్త్రీ అహంకారంగాను, ఒక కుటుంబ పాపంగాను కనపడదు. రాజ్యాంగంలోనే ఉన్న ఒక తలుపు కనపడుతుంది. ఆ తలుపు తాళం ఇప్పుడు ఎవరి జేబులో ఉందన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టకుండా చేయడానికే హత్య అనే మాట పనికొస్తున్నది. హంతకుడు దొరికాడంటే ఇక విచారణ అక్కర్లేదు గదా. చక్రాల కుర్చీలో నాగపూర్ జైల్లో ఏళ్ల తరబడి ఉండి, 2024 మార్చిలో నిర్దోషిగా బయటికి వచ్చి, అదే ఏడు అక్టోబరు 12న హైదరాబాదులో చనిపోయిన అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబాను స్నేహలత పక్కన తలచుకోవడానికి ఈ వేదికల మీద చోటు ఉండదు.

జూన్ 25న ఉపన్యసించేవారు చదవదగిన చిన్న పాఠం ఒకటి రాజ్యాంగంలోనే ఉంది. అత్యవసర కాలపు తప్పులు మళ్లీ జరగకుండా 1978లో చేసిన 44వ సవరణలో మూడో సెక్షన్, విచారణ లేని నిర్బంధాన్ని సలహా మండలి అభిప్రాయం లేకుండా కొనసాగించగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించి, ఆ మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకే ఏర్పరచాలంది. తక్కిన సెక్షన్లను అమలులోకి తెచ్చిన ప్రభుత్వం దీన్ని పక్కన పెట్టింది. దీన్ని అమలు చేయమని కేంద్రాన్ని ఆదేశించలేమని 1981 డిసెంబరులో ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తరువాత కాంగ్రెసు పాలించింది, జనతాదళ్ పాలించింది, యునైటెడ్ ఫ్రంట్ పాలించింది, భారతీయ జనతా పార్టీ పాలిస్తున్నది. ఆ సెక్షన్‌ను అమలులోకి తెచ్చే నోటిఫికేషన్ నేటికీ రాలేదు.