మెష్ ఫైలు చెప్పిందల్లా నమ్మొద్దు

నరసరావుపేటలోనో మాచర్లలోనో కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు పల్నాటి యుద్ధం మీద గేమ్ చేద్దామన్న ఆలోచన వచ్చే తీరుతుంది. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, కారంపూడి రణరంగం... కథ కోసం వెతుక్కోనక్కర్లేదు. చిక్కంతా బొమ్మల దగ్గరే. బ్లెండర్‌లో చేసిన బొమ్మ మన గేమ్ ఇంజిన్‌లోకి ఎలా వస్తుంది?

యూనిటీ, గోడో లాంటివి వాడితే ఆ పని అవే చూసుకుంటాయి. సొంతంగా చిన్న ఇంజిన్ రాసుకునేవాళ్లే ఫైల్ని బైటు బైటుగా చదవాలి. నన్నడిగితే ఉద్యోగానికి పనికొచ్చినా రాకపోయినా ఒక్కసారైనా రాసి చూడాల్సిన కోడ్ ఇది.

మెష్ అంటే త్రిభుజాల కుప్ప. కోటప్పకొండ తిరునాళ్లకి కట్టే ప్రభ అయినా స్క్రీన్ మీద త్రిభుజాలే. అందరికన్నా సులువైన ఫార్మాట్ ఎస్‌టీఎల్, అదీ బైనరీ రకం. 1980ల్లో త్రీడీ ప్రింటింగ్ కోసం పుట్టింది. మొదట 80 బైట్ల హెడర్, అందులో ఏమున్నా పట్టించుకోనక్కర్లేదు. తర్వాత 4 బైట్లలో త్రిభుజాల సంఖ్య. ఆపైన ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు: ముఖం ఎటు చూస్తోందో చెప్పే నార్మల్‌కి 12, మూడు మూలలకి 36, చివర్లో 2 అదనం. అంటే 12 త్రిభుజాల పెట్టె ఫైలు 84 + 600 = 684 బైట్లు ఉండాలి. ఒక్క బైటు తేడా వచ్చినా అనుమానించాల్సిందే.

ఇంత సింపుల్ ఫార్మాట్‌లోనూ గుంటలున్నాయి. సీ భాషలో స్ట్రక్ట్ రాసి ఒకేసారి ఫైల్లోంచి నింపేద్దామనుకుంటే, కంపైలర్ దాన్ని 4 గుణిజానికి సర్ది 52 బైట్లు చేస్తుంది. మొదటి త్రిభుజం బాగానే వస్తుంది, రెండోది 2 బైట్లు జరుగుతుంది, మూడోది 4. స్క్రీన్ మీద ముళ్లకంప కనిపిస్తుంది. సంఖ్యల వరస ఇంకో గొడవ. ఇక్కడ చిన్న విలువ బైటు ముందు వస్తుంది, కాబట్టి 12 అంటే 12, 0, 0, 0. తిరగేసి చదివితే అదే 20,13,26,592 అవుతుంది. టెక్స్ట్ రకం ఎస్‌టీఎల్ 'సాలిడ్' అనే మాటతో మొదలవుతుంది కదా అని దాన్నే గుర్తుగా పెట్టుకోకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు బైనరీ హెడర్‌లో కూడా అదే మాట రాస్తాయి. సైజు లెక్కే నమ్మకమైన పరీక్ష.

అసలు ప్రమాదం ఆ 4 బైట్ల సంఖ్యలో ఉంది. మీ గేమ్‌లో ఆటగాళ్లు ఎవరి బొమ్మలు వాళ్లు పెట్టుకోవచ్చని ఆప్షన్ ఇచ్చారనుకుందాం. ఎవడో 8,58,99,346 త్రిభుజాలని రాసి ఫైలు పంపాడు. మీ కోడ్ దాన్ని 50తో గుణిస్తుంది: 4,29,49,67,300. 32 బిట్లలో పట్టేది 4,29,49,67,295 వరకే, ఆ తర్వాత మళ్లీ సున్నా నుంచి మొదలు. మిగిలేది 4. మీరు 4 బైట్ల జాగా తీసుకుని అందులో కోట్ల త్రిభుజాలు పోయడం మొదలుపెడతారు. ఫోన్‌లో గేమ్ క్రాష్ అయితే అదృష్టం. పక్కనున్న మెమరీ చెడి, ఎవడో రాసిన కోడ్ మీ ఆటగాడి ఫోన్‌లో నడవడం దాకా కూడా పోవచ్చు. అందుకే గుణకారం 64 బిట్లలో చెయ్యాలి, వచ్చిన జవాబుని ఫైలు సైజుతో పోల్చాలి, ఆ తర్వాతే మెమరీ అడగాలి.

గేమ్‌లకి ఎస్‌టీఎల్ చాలదు. రంగుల్లేవు, ఎముకల్లేవు, ప్రతి త్రిభుజం తన మూలల్ని మళ్లీ మళ్లీ రాసుకుంటుంది. పెట్టెకి 8 మూలలుంటే ఇందులో 36 ఉంటాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది జీఎల్‌బీ. 12 బైట్ల హెడర్, తర్వాత జేసన్ ముక్క, ఆపైన బైనరీ ముక్క. మూలల జాబితా వేరు, ఏ త్రిభుజానికి ఏ నంబరు మూలలో చెప్పే జాబితా వేరు. అచ్చం దర్జీ దగ్గర గుడ్డ ముక్కలకి నంబర్లేసినట్టు. ఇక్కడ చెక్ చెయ్యాల్సింది ఇంకా ఎక్కువ: మూలలు వెయ్యే ఉన్నప్పుడు ఐదువేలో నంబరు మూల కావాలని ఫైలు అడగొచ్చు. ప్రతి నంబరునీ చూసుకోవాల్సిందే. విసుగే, తప్పదు.

ఇవన్నీ దాటాక కూడా ప్రభ నిలబడదు, పక్కకి పడుకుంటుంది! బ్లెండర్‌లో పైకి చూపే అక్షం జెడ్, జీఎల్‌బీలో వై. జీఎల్‌బీకి ఎగుమతి చేసేటప్పుడు బ్లెండరే తిప్పి ఇస్తుంది కానీ ఎస్‌టీఎల్‌లో ఏది పైకో ఫైలు చెప్పదు. కొలతల మాటా చెప్పదు. అరవై అడుగుల ప్రభని మిల్లీమీటర్లలో చేస్తే ఎత్తు 18,288. మీ ఇంజిన్ దాన్ని మీటర్లనుకుంటే ప్రభ 18 కిలోమీటర్లు లేస్తుంది. నరసరావుపేట నుంచి కొండకి కూడా అంత దూరం లేదు.

లోడర్ రాసేశాక ఒక మంచి ఫైలు తీసుకుని సగానికి కోసి ఇవ్వండి. త్రిభుజాల సంఖ్య మార్చి ఇవ్వండి. సున్నా బైట్ల ఫైలివ్వండి. ప్రతిసారీ 'ఫైలు సరిగ్గా లేదు' అని చెప్పి మర్యాదగా ఆగిపోవాలి. ఆగకపోతే ఆప్షన్ ఆటగాళ్లకి ఇంకా ఇవ్వకండి.