రెండు చక్రాలు, సగం ధర

ఈసారి షికాయత్ ఎవరి మీదో కాదు, నా మీదే. విషయం సైకిల్ చక్రాలు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ ఆఖరి దాకా చదవండి. ఎందుకంటే ఇది మన ఇళ్ల హిసాబ్ గురించి కూడా.

నలభై దాటాక డాక్టర్ నా రక్తం రిపోర్ట్ చూసి, షుగర్ గడప దాకా వచ్చింది, ఇంట్లోకి రానివ్వకు అన్నాడు. నడక నాకు పడదు, విసుగు. ఒక దోస్త్ అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ తీసుకున్నా. వంగిన హ్యాండిల్, సన్న టైర్లు, రిమ్మును రెండు వైపులా పట్టుకునే పాత రకం బ్రేకులు. మధురానగర్‌లో ఫజర్ చదివి బయల్దేరితే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ దాటి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ చడావు ఎక్కుతా. ఓపిక ఉన్న రోజు అటు రోడ్ నంబర్ 36 దిగి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాకా. ఆదివారం ఇంకా దూరం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, సోలార్ పలకల నీడలో, అక్కడికి.

కృష్ణానగర్‌లో ఆ వేళకి జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్ బండ్ల కోసం నిలబడి ఉంటారు. సరిగ్గా వాళ్ల ముందే నా వెనక చక్రం పుల్ల ఫట్‌మని విరిగింది. నాలుగు నెలల్లో అది మూడోసారి. చక్రం వంకర తిరిగి బ్రేకుకి రాసుకుంటూ ఆగిపోయింది. బస్సు రాక తమాషా లేక నిలబడ్డవాళ్లకి నేనే షూటింగ్ అయ్యా.

నా బరువు 86 కిలోలు. సైకిల్‌తో వచ్చిన వెనక చక్రానికి ఉన్నవి 24 పుల్లలు. యూసుఫ్‌గూడలో ఫుట్‌పాత్ మీద కూర్చునే మిస్త్రీ చచ్చా విరిగిన పుల్ల చేతిలో తిప్పి చూపించాడు. మధ్యలో విరగలేదు, హబ్బు దగ్గర వంగే మెడలో విరిగింది. బరువుకి తెగింది కాదిది, అలసిపోయి విరిగింది అన్నాడు. తర్వాత చదివితే చచ్చా మాట అక్షరాలా నిజం. చక్రం తిరుగుతుంటే నేలకి దగ్గరగా వచ్చిన పుల్ల ఒక్క క్షణం వదులవుతుంది, పైకి పోగానే మళ్లీ బిగుస్తుంది. నా చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు, అంటే కిలోమీటరుకి దాదాపు 475 సార్లు ఈ వదులు, బిగువు. పుల్లలు సమానంగా, గట్టిగా బిగించి లేకపోతే ఇనుమైనా ఎంతకని బర్దాష్త్ చేస్తుంది.

మా అబ్బా సైకిల్‌కి ముందు 32, వెనక 40 పుల్లలు ఉండేవి. పాత ఇంగ్లీష్ నల్ల సైకిళ్ల దస్తూర్ అది. దాని మీద అబ్బా, వెనక అమ్మీ, డండా మీద నేను, హ్యాండిల్‌కి బియ్యం సంచి. ఒక్క పుల్ల విరిగినట్టు గుర్తు లేదు.

సరే, చక్రాలు మార్చాలి. ఇది జరూరత్. కానీ షౌఖ్ ఎప్పుడూ జరూరత్ వేలు పట్టుకునే ఇంట్లోకి వస్తుంది. తోటి సైకిల్‌వాళ్లని మష్వరా అడిగితే అందరూ ఒకటే మాట, కార్బన్ వేయించు భాయ్. రిమ్ము 50 మిల్లీమీటర్ల లోతుండాలి, గాలిని చీల్చుకుంటూ పోతుంది. ధర లక్ష, ఆ పైన ఎంతైనా.

రెండు రాత్రులు కాగితం మీద హిసాబ్ వేశా. నేనూ సైకిలూ కలిపి 96 కిలోలు. ఖరీదైన చక్రాలు వేస్తే తగ్గేది అర కిలో, అంటే నూటికి అర పాలు. చెక్‌పోస్ట్ చడావు నాకు ఎనిమిది నిమిషాలు పడుతుంది. అర కిలో తగ్గితే మిగిలేది రెండున్నర సెకన్లు. బిస్మిల్లా అనేంత టైం. గాలి సంగతి గంటకి 30 కిలోమీటర్లు దాటి పోయేవాళ్లకి లెక్కకొస్తుంది. నా సగటు 22. పైగా నావి రిమ్మును పట్టే బ్రేకులు. కార్బన్ రిమ్ము మీద వానలో వాటి పట్టు తగ్గుతుంది, పొడవాటి దిగుడులో వేడి పుడుతుంది. హైదరాబాద్ జులైలో, రోడ్ నంబర్ 36 దిగుడులో, పిల్లల తండ్రి చేయాల్సిన తజుర్బా కాదు.

కాబట్టి నేను తీసుకున్నవి అల్యూమినియం రిమ్ములు. ముందు 28 పుల్లలు, వెనక 32. మెడ దగ్గర వంగే మామూలు గుండ్రటి పుల్లలు, విరిగినా ఏ ఊళ్లోనైనా దొరికే రకం. చదునుగా కత్తుల్లా ఉండే పుల్లలు చూడ్డానికి బాగుంటాయి, విరిగితే మాత్రం పార్సిల్ వచ్చేదాకా సైకిల్ గోడకే. రిమ్ము లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు, దాని మీద 28 టైరు. ఈ 28కీ అబ్బా సైకిల్ టైరు మీద ఉండే 28కీ సంబంధం లేదు. అది ఇంచుల్లో చక్రం ఎత్తు, ఇది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. తెలియక అడిగి దుకాణంలో నవ్వులపాలయ్యా. కొనే ముందు ఇంకొకటి చూసుకోవాలి. వెనక హబ్బు వెడల్పు. రిమ్ బ్రేకు సైకిళ్లకి 130 మిల్లీమీటర్లు, ఇప్పటి డిస్క్ బ్రేకు సైకిళ్లకి 142. ఒకదాని చక్రం ఇంకొకదానికి ఎక్కదు.

ఇప్పుడు నిజం చెప్తా. వేగం పెరగలేదు. కుదుపు తగ్గింది. ఇదివరకు సన్న టైరులో 100 పీఎస్ఐ గాలి కొట్టేవాణ్ని, మెట్రో పిల్లర్ల కింద ప్రతి అతుకూ నడుములో లెక్క తెలిసేది. ఇప్పుడు వెనక 80, ముందు 72. నడుము దువా ఇస్తోంది. పుల్ల ఒక్కటి కూడా విరగలేదు. నెల తర్వాత చచ్చా పుల్లల్ని రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి, సితార్ సరిచేసినట్టు చెవి పెట్టి విని, రెండు చోట్ల పావు తిప్పు తిప్పాడు. పైసలు తీసుకోలేదు, చాయ్ తాగాడు.

బాధలూ ఉన్నాయి. సన్నని వాల్వుకి పెట్రోల్ బంక్ గాలి ఎక్కదు, చిన్న ఇత్తడి మూత ఒకటి జేబులో ఉండాల్సిందే. వానాకాలం ఇసుక బ్రేకు రబ్బరులో ఇరుక్కుని రిమ్మును తింటుంది, తడిలో తిరిగొచ్చిన ప్రతిసారీ తుడవాలి. రిమ్ము పక్కన ఒక సన్న గీత ఉంటుంది. అది అరిగి కనపడకుండా పోయిన రోజు ఆ రిమ్ము ఆయుష్షు తీరినట్టే.

ఎవరైనా మష్వరా అడిగితే నా జవాబు ఇది. పుల్లలు విరగకపోతే చక్రాల జోలికి పోకండి. ముందు మంచి టైర్లు వేయించండి. చక్రాల మీద పెట్టే డబ్బులో నాలుగో వంతుకే చాలామందికి కావాల్సిన మార్పు దొరుకుతుంది.

కొత్త చక్రాలు వేసిన వారం, మెరుపుకి మెరుపు, టికటిక చప్పుడుకి చప్పుడు, గర్వంగా చెక్‌పోస్ట్ చడావు ఎక్కుతున్నా. పదిహేడేళ్ల పిల్లవాడొకడు, తుప్పు పట్టిన సైకిల్, రెండు వైపులా పాల ప్యాకెట్ల సంచులు, చెప్పుల కాళ్లతో నిలబడి తొక్కుతూ నన్ను దాటి పోయాడు. వెనక్కి కూడా చూడలేదు. నాకు అజ్బా గుర్తొచ్చింది. హుజూర్ ఒంటె అజ్బాని ఎవరూ దాటలేకపోయేవారు. ఒకరోజు ఒక పల్లెటూరి అరబ్బు తన లేత ఒంటె మీద దాటేశాడు. సహాబాలకి కష్టమనిపించింది, హుజూర్‌కి అనిపించలేదు. దునియాలో పైకి లేచిన ప్రతిదాన్నీ అల్లాహ్ కిందికి దించుతాడన్న అర్థం వచ్చేలా చెప్పారు. నేను పైకి లేచిందే 86 కిలోలు, దించడం ఎంతసేపు.

ఇక అసలు మస్‌లా. చక్రాలకి ఇచ్చింది 27,500. ఇంట్లో చెప్పింది 13,000.

ఎందుకు చెప్పానంటే, అందరూ అలాగే చెప్తారు కాబట్టి. సైకిల్ తొక్కే మగాళ్లలో ఇదొక పాత జోక్. నేను చచ్చిపోతే నా భార్య నా సైకిల్‌ని నేను చెప్పిన ధరకి అమ్మేస్తుందేమోనని భయం అంటారు. దునియా అంతా నవ్వే జోక్ ఇది. నేనూ నవ్వినవాణ్నే.

రంజాన్ వచ్చింది. మా ఇంట్లో జకాత్ హిసాబ్ ఏటా రంజాన్ మొదటి అష్రాలోనే. బేగం కాపీ తెరుస్తుంది, నేను బ్యాంక్ కాగితాలు పెడతా. తరావీ నుంచి వచ్చేసరికి ఆమె వేలు ఒక వరుస దగ్గర ఆగి ఉంది. 27,500.

"ఇది చక్రాలదేనా?"

"ఆ."

ఖామోషీ. అరిచి ఉంటే బాగుండేది. తర్వాత మెల్లగా అంది, "నా దాఢ్ నొప్పి ఆ నెలదే."

గుర్తుంది. అదే నెలలో ఆమెకి పన్ను లోపల చీము పట్టింది. రూట్ కెనాల్ చేయాలన్నారు, క్యాప్‌తో కలిపి పదకొండు వేలు. నేను చక్రాల డబ్బు కట్టేసి ఉన్నా. ఈ నెల చేయి కొంచెం తంగ్ ఉంది అని నిట్టూర్చా. ఆమె వద్దులెండి, వచ్చే నెల చూద్దాం అంది. గోలీలు వేసుకుని, లవంగం పెట్టుకుని, ఒక వైపే నమిలి నెలన్నర గడిపింది. ఆ నెలన్నరా నేను ఫజర్ తర్వాత కొత్త చక్రాల మీద కేబుల్ బ్రిడ్జి చూసొచ్చి, కుదుపు తగ్గిందని ఆమెకే చెప్పేవాణ్ని.

ఆ రాత్రి లెక్క పూర్తి చేశాం. ఆమె నగలు నిసాబ్ దాటతాయి, ఏడున్నర తులాల మీదే ఉంది. వాటి మీద నూటికి రెండున్నర జకాత్ వాజిబ్. సొంతంగా తొక్కే సైకిల్ మీద జకాత్ లేదు, వాడుక సామాను కింద మాఫీ. ఆమె కాపీలో రాస్తూ తల ఎత్తకుండా అంది, "నా నగలకి ఏటా హిసాబ్. మీ చక్రాలకి మాఫీ."

ఫిఖహ్‌లో ఆమె తప్పు పట్టిందేమీ లేదు, మసలా అంతే. ఆమె మాట వేరే చోట తగిలింది. మన ఘరానాల్లో ఇస్రాఫ్ అన్న మాట ఎవరి మీద వాడతాం? షాదీకి రెండో జోడీ కొన్న ఆడపిల్ల మీద, మదీనా సర్కిల్‌లో గాజులు బేరం చేసే చెల్లెలి మీద, మిక్సీ మార్చాలన్న అమ్మీ మీద. మగవాడి ఖర్చుకి వేరే పేర్లున్నాయి. సెహత్, పని, దోస్తీ, మరీ కాకపోతే షౌఖ్. ఆమెది ఫుజూల్, నాది షౌఖ్. జుమా బయాన్‌లో ఇస్రాఫ్ మీద మాట వస్తే వలీమాలో బిర్యానీ పారేయడం దగ్గరే ఆగుతుంది. మోటార్ సైకిల్ సైలెన్సర్లు, ఫోన్లు, కెమెరాలు, సైకిల్ చక్రాల దాకా రాదు. వినేవాళ్లం మగవాళ్లమే కదా, మనకి తగలకుండా పోతుంది.

చక్రాలు కొనడం ఇస్రాఫ్ అని నేననను. ఆ పుల్లలతో చెక్‌పోస్ట్ దిగుతూ చక్రం వంకరపోయుంటే ఈ వ్యాసం ఇంకెవరో రాసేవారు. షుగర్ గడప దగ్గరే ఆగింది, అల్‌హమ్దులిల్లాహ్. 27,500 అని నిజం చెప్పి అడిగినా బేగం ఇజాజత్ ఇచ్చేదనే నా యకీన్. పన్ను ముందు, చక్రాలు తర్వాత అనేది. అంతే తేడా. నెలన్నర పాత చక్రాలతో, మెల్లగా, చదును రోడ్డు మీద తొక్కితే నాకు పోయేదేముంది? ఆ తర్తీబ్ తేల్చే హక్కు ఆమెకి లేకుండా చేశా. సగం ధర చెప్పడమంటే అదే. తన్‌ఖా నాది కదా అనేవాళ్లకి ఒక మాట. పాతికేళ్లు తన్‌ఖా తెచ్చి అమ్మీ చేతిలో పెట్టి, చాయ్‌కి, టైరు పంచర్‌కి ఆమె దగ్గరే అడిగి తీసుకున్న అబ్బా కొడుకుని నేను. నా జవాబు అక్కడుంది.

ఆ జోక్ ఇప్పుడు మా సైకిల్‌వాళ్లలో ఎవరైనా చెప్తే నవ్వు రావట్లేదు. ఒకసారి మీ ఆవిడ ఆ నెల ఏం మానుకుందో అడిగావా అన్నా. చాయ్ చల్లారిపోయింది, మాట మారిపోయింది. ముసలాడైపోయాడు అనుకుని ఉంటారు, అనుకోనీ.

రూట్ కెనాల్ ఈద్ తర్వాత కాదు, మరుసటి సోమవారమే చేయించాం. కాపీలో ఇప్పుడు సైకిల్‌కి ఒక పేజీ ఉంది, ఆమె దస్తూరీలోనే. బ్రేకు రబ్బర్లు, చైను నూనె, ట్యూబులు రెండు. ఆమెకీ ఒక పేజీ తెరవమన్నా. ఏం రాయాలి అంది. షౌఖ్ రాయి అన్నా. ఆలోచించి చెప్తానంది, మూడు వారాలైంది, పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

మొన్న టైర్లు అరిగాయి, కొత్తవి కావాలన్నా. చేయి పట్టుకుని సైకిల్ దగ్గరికి నడిపించుకొచ్చి, వంగి రెండు టైర్లూ వేలితో తడిమి చూసింది.

"ముందుది బాగానే ఉందిగా?"

నిజమే. బరువంతా మోసేది, గొలుసు లాగేది వెనకది, ముందే అరిగేది అదే. ఒక్కటే కొన్నాం, 3,200.