చెక్కడాల వెనుక కాపురం

అహమ్మదాబాదు పాతనగరంలో ఒక ఇల్లు కూలడానికి భూకంపం అక్కరలేదు. దస్తావేజులో ఏడెనిమిదిమంది వారసుల పేర్లు, క్రింది అంతస్తులో ఏనాటిదో స్వల్పమైన అద్దె చెల్లించే కిరాయిదారు, పైకప్పులో పగిలిన రెండు పెంకులు చాలు. నాలుగు వానాకాలాలు గడిచేసరికి దూలం నానిపోతుంది. గుమ్మానికి ‘శిథిల గృహం’ అన్న నోటీసు పడుతుంది. ఆ వెనుకనే, దానిని పడగొట్టి గోదాము కట్టుకుంటామన్న దరఖాస్తు నగరపాలక సంస్థకు చేరుతుంది.

1411లో సుల్తాన్ అహమ్మద్ షా సబర్మతి తూర్పుగట్టున స్థాపించిన ఈ నగరానికి ప్రాణం ‘పోల్’ అనే వాడకట్టు. ఒకే కులానికో, వృత్తికో, మతానికో చెందిన కుటుంబాలు ఇరుకు సందుకు ఇరువైపులా గోడకు గోడ ఆనించి ఇళ్లు కట్టుకున్నాయి. సందు మొదట రాత్రివేళ మూసే పెద్ద తలుపు. లోపల గుడి, బావి, పక్షులకు గింజలు వేసే ‘చబుత్రో’ అనే స్తంభం. ఇంటి ముఖభాగాన చెక్కిన టేకు. నడుమ మన మండువాలోగిలిని తలపించే ‘చౌక్’. దాని అడుగున ‘టాంకా’ అనే నీటి మాళిగ ఉంటుంది. తొలివాన నీటిని వదిలివేసి, కప్పు శుభ్రపడ్డాక కురిసిన నీటిని గొట్టం గుండా అందులోకి దింపేవారు. వెలుతురు సోకని ఆ నీరు ఏడాది పొడుగునా త్రాగడానికి పనికివచ్చేది. కుళాయిలు వచ్చాక పెక్కు ఇళ్లలో ఆ మూత తెరవడమే మానేశారు.

ఇక్కడి వడ్రంగుల పనితనానికి దేశాంతరాల్లోనూ పేరుండేది. 1881లో లాక్‌వుడ్ డి ఫారెస్ట్ అనే అమెరికన్ కళాకారుడు మగన్‌భాయి హఠీసింగ్‌తో కలిసి ఇక్కడ కర్మశాల నెలకొల్పి, చెక్కించిన పలకలను సముద్రాలు దాటించాడు. అది కొత్తగా చేయించిన సరుకు. పాతసామాను వర్తకుడి దారి వేరు. అతడు నిలిచివున్న ఇంటి స్తంభాలనే ఊడదీయిస్తాడు.

ఈ ఇళ్లు ఎలాగూ నిలవవన్న వాదానికి 2001 జనవరి 26 నాటి భూకంపమే సమాధానం చెప్పింది. నదికి ఆవలి కొత్తపేటల్లోనూ, శివార్లలోనూ కాంక్రీటు మేడలు పదుల సంఖ్యలో కూలాయి. ప్రజలు వందల సంఖ్యలో మరణించారు. పాతనగరపు ఇళ్లలో అత్యధికం నిలిచాయి. ఇటుక గోడల్లో అంచెలంచెలుగా అడ్డంగా పొదిగిన దూలాలు కుదుపుకు విరగక, గోడతోబాటు ఊగి నిలదొక్కుకున్నాయి.

2017 జూలైలో యునెస్కో ఈ పాతనగరాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. ఆ గౌరవం పొందిన తొలి భారతీయ నగరం ఇదే. గౌరవం నగరానిది, మరమ్మతు ఖర్చు మాత్రం గృహస్థుది. రెండువేలకు పైబడిన కట్టడాలు జాబితాకు ఎక్కాయి. అనుమతి లేనిదే వాటిని మార్చరాదు. అయితే ఇక్కడ ఒక తెలివైన ఏర్పాటు కూడా ఉంది. తన స్థలంలో కట్టకుండా వదులుకున్న అంతస్తుల హక్కును నగరంలో మరొకచోట కట్టేవారికి అమ్ముకొని, ఆ సొమ్ముతో యజమాని ఇల్లు బాగుచేసుకోవచ్చు. కాని హక్కును అమ్మాలంటే హక్కుదారు ఎవరో ముందు తేలాలి. ముంబాయిలో ఒకరు, అమెరికాలో ఒకరు ఉన్న వారసుల సంతకాలు ఒక కాగితంమీదికి వచ్చేలోగా మరో వానాకాలం వస్తుంది.

వాడలో మిగిలినవారందరూ మార్పుకోసం తహతహలాడుతున్నారనుకోవడం పొరపాటు. పెక్కుమంది అడిగేది కారని కప్పు, ఇంట్లో స్నానాలగది, వాకిట బండి నిలుపుకొనే చోటు. మొదటి రెండూ అసాధ్యమేమీ కావు. కొన్ని పాత హవేలీలను బాగుచేసి యాత్రికుల విడిదులుగా నడుపుతున్నారు. వాటిలో టేకు స్తంభాలు కదలకుండానే స్నానాలగదులు అమరాయి. బండి సంగతి మాత్రం తేలలేదు. ఆ సందులు బండ్లకోసం వేసినవి కావు.