పరదేశముననుండి పలికిన మాట

2006 జనవరిలో హైదరాబాదు నగరమున జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభయందు, విదేశపౌరసత్వము స్వీకరించిన భారతసంతతివారికి ఓసీఐ కార్డు లొసగు పథకమునకు నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ శ్రీకారము చుట్టినప్పుడు, సముద్రముల కావల స్థిరపడిన తెలుగు కుటుంబములెన్నో ఆ కార్డును పుట్టింటినుండి వచ్చిన సారెవలె కన్నుల కద్దుకొన్నవి. యావజ్జీవము చెల్లు వీసా, తల్లిదండ్రులకు జబ్బుచేసినదని కబురు వచ్చిననాడు మరునాటి విమానము నెక్కగల వెసులుబాటు, పిల్లలకు తాతగారి యూరితో తెగని సంబంధము, ఇన్ని యాశలు దానితో ముడివడియున్నవి. కాని పౌరసత్వచట్టములోని 7-డి విభాగమును తెరచి చదివినవారు బహుకొలదిమంది. రాజ్యాంగముపట్ల విముఖత చూపెనని గాని, దేశసమగ్రతకో ప్రజాహితమునకో భంగము కలుగునని గాని కేంద్రప్రభుత్వము తలంచినచో ఆ కార్డును రద్దుపరుపవచ్చును. 2019 నాటి సవరణతో, ప్రభుత్వము పేర్కొనిన ఏ చట్టము నుల్లంఘించినను అదే గతి పట్టునట్లయినది. 2021 మార్చి ఉత్తర్వు ననుసరించి, పరిశోధనకైనను పత్రికారచనకైనను కార్డుదారుడు ముందుగా ప్రత్యేకానుమతి వేడవలసియున్నది.

ఇది కాగితముమీద నిలిచిపోయిన అధికారము కాదు. స్వీడన్ దేశమున ఉప్సాలా విశ్వవిద్యాలయాచార్యుడైన అశోక్ స్వైన్, ప్రభుత్వవిధానములను తీవ్రముగా విమర్శించువాడు, తన కార్డు రద్దుకాగా ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. ఆ యుత్తర్వులో కారణమన్నది కానరాదని 2023 జూలైలో న్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ నెల ముగియకమునుపే ప్రభుత్వము మరియొక యుత్తర్వుతో రద్దు చేసినది. 2025 మార్చిలో న్యాయస్థానము దానినిగూడ త్రోసిపుచ్చినది. ఆయన వ్రాతలతో ఏకీభవించుట, ఏకీభవింపకుండుట వేరు సంగతి. రాకపోకల హక్కును నోటికి పగ్గముగా వాడుకొనుట రాజ్యమునకు తగని పని యనియు, అది ఏ పక్షము చేసినను అంతే తగనిదనియు నా నిశ్చితాభిప్రాయము.

ఏ పక్షము చేసినను అనుటకు కారణము కలదు. 1975 జూన్ 25వ తేదీ రాత్రి అత్యవసర పరిస్థితి విధింపబడి, లక్షకు పైగా జనులు విచారణలేని నిర్బంధమున మ్రగ్గుచు, పత్రికలు సెన్సారు కత్తెరకు లోబడి, 1976 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానము సైతము నిర్బంధితుల మొర నాలకింపజాలనని తలుపు మూసిన కాలమున, ఈ దేశములో నోరెత్తలేనివారి పక్షమున పలికినవారిలో అమెరికాలోని భారతీయ విద్యార్థులు, ఇంజనీర్లు కొందరుండిరి. ఇండియన్స్ ఫర్ డెమోక్రసీ యను పేర వారు కూడిరి, నిరసనలు జరిపిరి, స్వదేశమున అచ్చుపడని వార్తలను అచ్చొత్తి పంచిపెట్టిరి. లండన్‌లో జయప్రకాశ్ నారాయణ్ విడుదలకై వేరొక సంఘ మేర్పడెను. అక్కడివారు ఎవరికొఱకు పలికిరో తెలియుటకు ఒక్క పేరు చాలును. నెల్లూరు కవి పట్టాభిరామరెడ్డి గారి సహధర్మచారిణి, సంస్కార చిత్రమున నటించిన స్నేహలతారెడ్డి, ఉబ్బసరోగముతో బెంగుళూరు కారాగారమున నెలల తరబడి క్రుంగి, 1977 జనవరిలో పెరోలుపై వెలికివచ్చిన కొలది దినములకే కన్నుమూసెను. ఇటువంటి వార్త దేశమున అచ్చుకు నోచుకొననినాడు దానిని వెలుపల చాటుట దేశద్రోహ మెట్లగును?

ఆ ప్రవాసులలో ఎస్. ఆర్. హిరేమఠ్ యను కన్నడిగుడు షికాగోలో మంచి యుద్యోగమున నుండెను. ఆయన పాస్‌పోర్టును ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. దేశమునకు వ్యతిరేకియని నాటి ఏలికలు నిర్ణయించిన ఆ మనుజుడు, ఎమర్జెన్సీ తొలగిన పిదప, అమెరికా జీతమును వదలుకొని, అమెరికను వనితయైన భార్యతో గూడ 1979లో తిరిగివచ్చి ఉత్తర కర్ణాటకమున ఒక పల్లెలో కాపురము పెట్టెను. సమాజ పరివర్తన సముదాయమను సంఘము పక్షమున 2009లో ఆయన సర్వోన్నత న్యాయస్థానమున వేసిన వ్యాజ్యమే, బళ్లారి జిల్లాలోను, దాని నానుకొనిన మన అనంతపురము జిల్లా ఓబుళాపుర ప్రాంతమునను సాగిన అక్రమ ఖనిజపు త్రవ్వకముల గుట్టును ఆ న్యాయస్థానము ముందుంచినది. రెండు రాష్ట్రముల సరిహద్దు ఎక్కడనో తేల్చుకొనుటకే సర్వే జరుపవలసి వచ్చెను. 2011 జూలైలో న్యాయస్థానము బళ్లారిలో త్రవ్వకములను నిలిపివేసెను. తెలుగుదేశపు ఇనుపఖనిజము కొంతయైనను కొండలలో మిగిలినదన్నచో, ఒకనాడు పాస్‌పోర్టు పోగొట్టుకొనిన ఆ ప్రవాసికి మన మెంతో ఋణపడియున్నాము.

ఎమర్జెన్సీబాధితులే మంత్రులైన జనతా ప్రభుత్వ మేమి చేసినది? అధికారమునకు వచ్చిన నాలుగు మాసములలోనే, 1977 జూలైలో, ప్రజాహితమను రెండు మాటల చాటున మేనకా గాంధీ పాస్‌పోర్టును స్వాధీనము చేయుమని యాజ్ఞాపించి, కారణము చెప్పుటకు నిరాకరించినది. 1978 జనవరిలో ఆ వ్యాజ్యమున వెలువడిన తీర్పు, వ్యక్తిస్వేచ్ఛను హరించు పద్ధతి న్యాయసమ్మతముగా నుండవలెనని ఘోషించినది. చెఱసాలలనుండి వచ్చినవారి చేతులు గూడ ఆ పగ్గమును చూచి ఊరకుండలేకపోయిన వనుట చరిత్ర.

దేశమును విడిచి సుఖముగా బ్రతుకువారికి ఇచటి విషయములతో పనియేమని అడుగువారు కలరు. 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్వాతంత్ర్యోద్యమ పత్రికయైన గదర్ మొదటి సంచిక వెలువడినప్పుడు, చేతితో త్రిప్పు ముద్రణయంత్రముకడ నిలిచిన కర్తార్ సింగ్ సరాభాకు పదునేడేండ్లు. రెండేండ్లకు లాహోరులో ఉరికంబ మెక్కెను. అదే కాలిఫోర్నియాకు చదువునకై పోయిన కనిగిరి ప్రాంతపువాడు దరిశి చెంచయ్య గదర్ పార్టీలో చేరి, యౌవనమున కొన్నియేండ్లు కారాగారములలో గడపెను. ఆయన యాత్మకథ నేడును చదువదగినది. పోవుటవలన వీరి హక్కు తరిగినదని మన మెన్నడు ననలేదు, సరికదా విగ్రహములు నిలిపితిమి.

అయినను ఆ ప్రశ్నలో కొంత న్యాయము లేకపోలేదు. తాము నివసించు దేశమున అల్పసంఖ్యాకులమని సమానహక్కులకై వీధి కెక్కుచు, స్వదేశమున అల్పసంఖ్యాకుల యిండ్లు కూలుచున్నప్పుడు చప్పట్లు చరచు ప్రవాసులను మన మెరుగుదుము. ప్రవాస తెలుగువారిలో గూడ కులమునకొక గుంపు, పార్టీకొక జెండాయై, తమ నాయకుడు అధికారమున నున్నంతకాలము పత్రికలవారి నిర్బంధము కంటికి కానరాక, ఆయన ఓడినదినమున ప్రజాస్వామ్యము గుర్తునకు వచ్చువారు తక్కువ కారు. ఇట్టివారి యార్భాటమువలననే నిజముగా పలుకవలసినవారి మాట పలుచనైనది. ఇచట దెబ్బ తినువా డేమి కోరుచున్నాడో ముందుగా విచారింపక, దూరమున నుండి ధైర్యవచనములు పలుకుట ఇచటివారికే ముప్పు తెచ్చును.

గల్ఫు మాట వేరు. కరీంనగరు, నిజామాబాదు పల్లెలనుండియు కోనసీమనుండియు పోయిన కూలీలు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు అక్కడ నోరు విప్పజాలరు, పెక్కుచోట్ల సంఘము కట్టజాలరు. పలువురి పాస్‌పోర్టులు చట్టవిరుద్ధముగానే యజమాని బీరువాలో నుండును. వారికి ఓటుహక్కు చట్టరీత్యా 2011నుండి కలదు, కాని పోలింగునాడు స్వయముగా వచ్చి తమ యూరి కేంద్రమున వేయవలెను. మూడేండ్లకొకమారు సెలవు దొరకు మేస్త్రీ అందులకై విమానపు టికెట్టు కొనగలడా? అమెరికాలో రెండేండ్లకొకసారి మహావైభవముగా జరుగు తెలుగు సభలలో, మన మంత్రులకు శాలువాలు కప్పు వేదికపై, ఈ మేస్త్రీ ఓటునుగూర్చి, యజమాని బీరువాలోని అతని పాస్‌పోర్టునుగూర్చి ఒక్క తీర్మానమైనను చేయవచ్చును. దానితోపాటు, ఓసీఐ రద్దుచేయు ప్రతి యుత్తర్వునకు వ్రాతపూర్వకముగా కారణము చూపవలెననియు, ప్రభుత్వమును విమర్శించుట ఆ కారణములలో నొకటి కారాదనియు చట్టమున స్పష్టపరుపుడని ఆ మంత్రుల యెదుటనే యడుగవచ్చును. తదుపరి సభకు ఆహ్వానపత్రికలు అచ్చుకు పోకముందే నిర్వాహకులు ఈ రెండు తీర్మానముల ముసాయిదా సిద్ధపరచిన బాగుండును.