ముల్లు పడిపోతే ఇంజన్ చల్లబడినట్టు కాదు

ఈసారి పంట గురించి కాదు, ఆ పంటను మార్కెట్‌కు తోలే పాత మినీ లారీ గురించి. నేను చెప్పేది ఒక్కటే: టెంపరేచర్ మీటరు తేడాగా చూపిస్తే సామాన్లు కొనకముందు నీళ్లు చూడండి.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో, టమాటా లోడుతో పోతుంటే ముల్లు బాగా పైకి పోయి, ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. చల్లబడిందిలే అనుకుని నడిపాను. నిజానికి హోసు పగిలి నీళ్లన్నీ పోయాయి. సెన్సారు నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుంది. నీళ్లు లేకపోతే ఇంజన్ మాడిపోతున్నా ముల్లు కిందనే ఉండొచ్చు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, టమాటాలూ పోయాయి.

అందుకే ముందు నీళ్లు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి.

నీళ్లు సరిపోను ఉంటే సెన్సారు వైరు చూడండి. ఒంటి వైరు సెన్సారు ఉన్న పాత బళ్లు చాలావాటిలో, కీ ఆన్ చేసి ఆ వైరు పీకితే ముల్లు చల్ల వైపు పోవాలి. వైరును ఇంజన్ ఇనుముకు ఒక్క క్షణం తాకిస్తే వేడి వైపు లేవాలి. ఎక్కువసేపు తాకించొద్దు, మీటరు కాలొచ్చు. ముల్లు లేచిందంటే మీటరు, వైరు బాగున్నట్టే, అనుమానం సెన్సారు మీదే. డీజిల్ ముల్లు కూడా తప్పు చూపిస్తుంటే మీటరు బోర్డు ఎర్తు, కరెంటు చూడాలి.

ముల్లు ఎప్పుడూ కిందనే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. "మన ఎండలకు అదెందుకు, తీసి పారేయ్" అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఇంజన్ తగినంత వేడెక్కకపోతే డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల కూడా పెరుగుతుంది. పాడైతే కొత్తది వేయించండి.

ఉప్పు బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంటే పోయండి. కానీ దించిన పాత కూలెంటు చేలోనో కాలవలోనో పారబోయొద్దు. తియ్యగా ఉంటుందని పశువో కుక్కో నాకితే ప్రాణం మీదికొస్తుంది. మందులు వద్దనుకున్న మనమే ఆ విషాన్ని నేలలో పోస్తే ఎట్లా?

ఆకు పసుపెక్కితే మందు కోసం పరుగెత్తం, వేరు దగ్గర మట్టి తీసి చూస్తాం. బండికీ అంతే ఓపిక కావాలి. వైరు పరీక్ష ఎలా చేయాలో పై వీడియోలో చూపించాను, ఒకసారి చూడండి.